మూసారాం దొర – గన్‌ఫౌండ్రీ కట్టిన రేమండ్ జీవితం

గన్‌ఫౌండ్రీ అనే మాట మన కాలేజీ పిల్లల నోట రోజుకు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టడం కష్టం. బస్సు దిగేది అక్కడ, టీ తాగేది అక్కడ, పైసలున్న రోజున సినిమాకు పోయేది ఆ దారినే. నేను మొదటి సంవత్సరం ఊరి నుంచి వచ్చినప్పుడు గన్‌ఫౌండ్రీ కూడా ఎవరో దొరగారి పేరు కాబోలు అనుకున్నాను. పక్కనున్న అబిడ్స్ ఆల్బర్ట్ అబిడ్ అనే దుకాణదారు పేరు మీద వచ్చిందని ఎవరో చెప్పారు మరి. తీరా తెలిసిందేమిటంటే, గన్‌ఫౌండ్రీ అంటే అక్షరాలా ఫిరంగులు పోసిన కార్ఖానా. పాతబస్తీ పెద్దలు దాన్ని ఇప్పటికీ తోప్ కా సాంచా అంటారు. తోప్ అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. ఫతే మైదాన్ పక్కన, ఇళ్ళ మధ్య, దాని ఇటుక గోడల కట్టడం శిథిలమై మిగిలి ఉంది. దాన్ని 1786లో కట్టించినవాడు ఒక ఫ్రెంచివాడు. ఇంగ్లీషు పుస్తకాల్లో అతని పేరు మాన్సియర్ రేమండ్. హైదరాబాదు జనం నోట అతడే మూసా రాముడు, మూసా రహీం.

నేను చరిత్ర విద్యార్థిని కాను. బి.ఎస్సీ. చదివేవాడిని, వ్యవసాయదారుల ఇంటివాడిని. కనుక చరిత్ర శాఖ లెక్చరర్లు తప్పులుంటే మన్నించాలి. అయినా ఈ మనిషి కథ రాయాలని ఎందుకనిపించిందో చివరికి చెబుతాను.

రేమండ్ పూర్తి పేరు మిషెల్ జొవాషిం మరీ రేమండ్. 1755లో ఫ్రాన్సు దేశంలో, గాస్కనీ ప్రాంతంలోని సెరిన్యాక్ అనే ఊళ్ళో పుట్టాడు. రాజవంశం కాదు, పెద్ద జాగీర్దారు కొడుకూ కాదు. వ్యాపారం చేసుకునే కుటుంబం. ఇరవై ఏళ్ళ వయసులో, అంటే సరిగ్గా నా వయసులో, 1775లో, అన్నదమ్ములిద్దరూ ఓడ ఎక్కి పాండిచ్చేరి చేరారు. వచ్చింది యుద్ధం చెయ్యడానికి కాదు, దుకాణం పెట్టుకోవడానికి. వెంట తెచ్చిన సరుకు అమ్ముకుని నాలుగు డబ్బులు వెనకేసుకుందామన్నదే ఆలోచన. ఆనాడు ఫ్రాన్సు నుంచి మన దేశానికి రావాలంటే ఆరు నెలలు సముద్రం మీద ఉండాలి. ఇల్లు మళ్ళీ చూస్తామన్న నమ్మకం ఉండదు. రేమండ్ మళ్ళీ చూడలేదు కూడా.

దుకాణం ఎక్కువకాలం సాగలేదు. ఆ రోజుల్లో దక్షిణ దేశంలో సరుకు కన్నా కవాతు నేర్పగల మనిషికి గిరాకీ ఎక్కువ. ఇంగ్లీషు కంపెనీ సిపాయిలు వరసలు కట్టి, ఒకే ఆజ్ఞకు ఒకేసారి తుపాకులు పేల్చడం చూసిన ప్రతి రాజూ తనకూ అలాంటి పటాలాలు కావాలనుకున్నాడు. నేర్పేవాళ్ళు కావాలి. ఫ్రెంచివాళ్ళు దొరికారు. రేమండ్ వ్యాపారం వదిలి మైసూరులో హైదరాలీ కొలువులో, ఫ్రెంచి అధికారి లస్సే దళంలో సిపాయి పని నేర్చుకున్నాడు. 1783లో ముసలి బుస్సీ ఫ్రాన్సు నుంచి మళ్ళీ దక్షిణ దేశానికి వచ్చినప్పుడు అతని దగ్గర చేరి, కెప్టెన్ హోదా అందుకున్నాడు.

బుస్సీ అనగానే తెలుగువాడికి బొబ్బిలి గుర్తుకొస్తుంది. 1757 జనవరిలో విజయనగరం రాజు పక్షాన బొబ్బిలి కోట మీద ఫిరంగులు ఎక్కుపెట్టిన బుస్సీయే ఇతను. అంతకు నాలుగేళ్ళ ముందు, 1753లో, నిజాం సలాబత్ జంగ్ బుస్సీ సైన్యం ఖర్చుల కోసం ఉత్తర సర్కారులు అతనికి అప్పగించాడు. అంటే శ్రీకాకుళం నుంచి కృష్ణ దాకా కోస్తా నేలమీద పండిన పంటలో రాజభాగం ఫ్రెంచి పటాలాల జీతాలకు పోయింది. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి. రేమండ్ కథలో ఇది మళ్ళీ మళ్ళీ వస్తుంది. బుస్సీ 1785 జనవరిలో పాండిచ్చేరిలో కన్నుమూశాడు. ఆ తర్వాత రేమండ్ హైదరాబాదు దారి పట్టాడు.

అప్పటికి హైదరాబాదులో గద్దె మీద ఉన్నవాడు నిజాం అలీ ఖాన్, రెండవ అసఫ్ జా. 1762 నుంచి 1803 దాకా ఏలాడు. ఆయన పరిస్థితి మూడు పొలాల గట్ల మధ్య చిక్కిన చిన్న కమతం లాంటిది. పడమర మరాఠాలు, దక్షిణాన టిప్పు, తూర్పున ఇంగ్లీషు కంపెనీ. ఎవరి గట్టు ఏ రాత్రి ఇటు జరుగుతుందో తెలియదు. నిజాం సైన్యంలో మనుషులకు కొదవలేదు. గుర్రాలు, ఏనుగులు, నవాబుల వెంట వచ్చే మూకలు బోలెడు. కాని ఎవరి జట్టు వాళ్ళదే, ఎవరి జెండా వాళ్ళదే. ఒక్క మాటకు కదిలే సైన్యం లేదు.

రేమండ్ మొదలుపెట్టింది కేవలం మూడు వందల మందితో. వాళ్ళ తుపాకులు కూడా సొంతం కావంటారు. ఒక ఫ్రెంచి వర్తకుడి దగ్గర ఒక్కొక్కటి నెలకు ఎనిమిది అణాల కిరాయికి తెచ్చినవట! మా ఊళ్ళో నాగలి లేనివాడు పక్కింటివాడి నాగలి కిరాయికి తెచ్చి దున్నుకోవడం నేనెరుగుదును. కిరాయి నాగలితో సేద్యం ఎన్నాళ్ళు సాగుతుంది? అదను వచ్చిన రోజునే యజమాని కూడా నాగలి కడతాడు. రేమండ్‌కు ఆ సంగతి తొందరగానే అర్థమై ఉంటుంది. ఆయుధం బయటినుంచి తెచ్చుకున్నంతకాలం సైన్యం మరొకడి చేతిలో ఉన్నట్టే. నిజాం ఇచ్చిన ఆదరణతో 1786లో తోప్ కా సాంచా లేచింది. ఫిరంగులూ గుండ్లూ ఇక్కడే, ఈ మట్టిమీదే తయారు కాసాగాయి.

ఇక్కడ సైన్సు విద్యార్థిగా రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. ఆ కాలంలో ఫిరంగులను రెండు రకాల లోహాలతో పోసేవారు, ఒకటి పోత ఇనుము, రెండోది కంచు. కంచు ఫిరంగికి సుమారు తొంభై పాళ్ళు రాగి, పది పాళ్ళు తగరం. తగరం తగ్గితే గొట్టం మెత్తబడి గుండు దెబ్బకు సాగిపోతుంది. పెరిగితే పెళుసెక్కి మందు పేలినప్పుడు పగులుతుంది. తగరం ఇరవై పాళ్ళకు పెంచితే అది ఫిరంగికి పనికిరాదు గాని గంట పోస్తే ఖంగున మోగుతుంది. గుడి గంటా యుద్ధం ఫిరంగీ ఒకే జాతి లోహాలన్నమాట, తేడా పాళ్ళలోనే. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. తగరం కలిస్తే ఆ వేడి కొంత తగ్గుతుంది. అచ్చు మట్టిలో ఏమాత్రం తడి ఉన్నా కరిగిన లోహం తగలగానే ఆవిరై పేలుతుంది. పోతలో గాలి బుడగ మిగిలితే పైకి కనబడదు, యుద్ధంలో గొట్టం పగిలి పక్కనున్న మనవాళ్ళనే చంపుతుంది. ఇంత జాగ్రత్త పని పుస్తకం చదివి వచ్చేది కాదు. కొలిమి దగ్గర పెరిగిన చేతులు కావాలి. నిజామాబాదు వైపు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని చరిత్ర చెబుతోంది. అలాంటి లోహపు పనివాళ్ళున్న దేశంలో రేమండ్ కార్ఖానా పెట్టాడు.

ఫిరంగి ఉంటే చాలదు, దాని పక్కన నిలబడే మనిషి కావాలి. రేమండ్ ఎక్కువ శ్రద్ధ పెట్టింది అక్కడే. కవాతు, తుపాకి పట్టు, వరస చెదరకుండా నడక – అన్నీ యూరపు పద్ధతిలో నేర్పించాడు. తన కింద ఫ్రెంచి అధికారులను నియమించాడు. మూడు వందలతో మొదలైన దళం పదేళ్ళలో వేలకు పెరిగింది. చివరి రోజుల్లో సుమారు పద్నాలుగు వేలు. జీతాల కోసం నిజాం కొన్ని ప్రాంతాల శిస్తును ఈ దళానికి కేటాయించాడు. బుస్సీకి కోస్తా, రేమండ్‌కు తెలంగాణ. ఊళ్ళో పటేలు వసూలు చేసిన శిస్తు చివరికి సిపాయి చేతిలో జీతమైంది. కార్ఖానాలో కరిగిన రాగి ఖరీదు కూడా ఎక్కడో ఒక రైతు కళ్ళం నుంచి వచ్చిందే.

నిజాం అతన్ని బిరుదులతో ముంచెత్తాడు. అజ్దర్ జంగ్ అన్నాడు, అజ్దర్ ఉద్దౌలా అన్నాడు. అజ్దర్ అంటే నిప్పులు కక్కే మహాసర్పం. ఫిరంగులు పోసేవాడికి అంతకన్నా తగిన బిరుదు ఏముంటుంది? కాని సిపాయిలకూ ఊరి జనానికీ ఈ పారసీ బిరుదులతో పని లేకపోయింది. ముసే అనే ఫ్రెంచి మాట వాళ్ళ నోట మూసా అయింది. హిందువులకు మూసా రాముడు, ముసల్మానులకు మూసా రహీం. ఫ్రెంచి దొరను ఎవరి ఇంటి పేరుతో వాళ్ళు తమవాణ్ణి చేసుకున్నారు. బిరుదు రాజు ఇస్తాడు, ఇలాంటి పేరు మాత్రం జనమే పెట్టాలి.

అతని దళానికి అసలు పరీక్ష 1795 మార్చిలో వచ్చింది. మరాఠాలు నిజాం చాలా ఏళ్ళ చౌతు బాకీ పడ్డాడని లెక్క చూపారు. పూనాలో నానా ఫడ్నవీసు, హైదరాబాదులో దివాను అరిస్తూ జా, ఇద్దరూ పట్టు విడవలేదు. మార్చి 11న ఇప్పటి మహారాష్ట్ర అహ్మద్‌నగర్ ప్రాంతంలోని ఖర్డా దగ్గర రెండు సైన్యాలూ ఎదురెదురయ్యాయి. నిజాం వైపు కవాతు చేసిన పటాలాలు రేమండ్‌వి, సుమారు పదకొండు వేల మంది. మరాఠాల వైపు సింధియా పటాలాలకు అధికారి పెర్రాన్, అతడూ ఫ్రెంచివాడే! ఫ్రాన్సులో ఒకే జెండా కింద నిలబడవలసిన ఇద్దరు మన దేశంలో ఒకరి మీద ఒకరు ఫిరంగులు పేల్చుకున్నారు. జీతం ఎటు ఉంటే తుపాకి అటు తిరుగుతుంది, కిరాయి యుద్ధాల ధర్మం అంతే.

రేమండ్ పటాలాలు ఆ రోజు బాగానే నిలబడ్డాయి. వెనకున్న నిజాం గుర్రపు దళాలు చెదిరిపోయాయి గాని అతని వరసలు చెదరలేదు. అయితే నిజాం తన అంతఃపుర స్త్రీలను కూడా యుద్ధభూమికి వెంటబెట్టుకొచ్చాడు. ఫిరంగుల మోతకు బెదిరిన బేగంల పట్టుదల మీద నిజాం వెనక్కి మళ్ళి ఖర్డా చిన్న కోటలో దూరాడు. రేమండ్‌కు కూడా వెనక్కి రమ్మని ఆజ్ఞ వెళ్ళింది. రాత్రంతా చీకట్లో సైన్యం తన కాళ్ళ కింద తానే నలిగింది. తెల్లారేసరికి మరాఠాలు కోట చుట్టూ ఉన్నారు. రెండు వారాలకు పైగా లోపల నీళ్ళకు కటకట. చివరికి దౌలతాబాదు కోట, మూడు కోట్ల రూపాయలు, పెద్ద రాబడి గల నేల, పైగా దివాను అరిస్తూ జాను బందీగా అప్పగించి నిజాం ఇల్లు చేరాడు.

ఆ ఓటమిలోంచి రేమండ్ పైకి వచ్చాడు. నిజాం జీతం ఇస్తున్న ఇంగ్లీషు పటాలాలు రెండు ఉండేవి. మరాఠాలతో మాకు తగవు లేదని కంపెనీ గవర్నర్ జనరల్ జాన్ షోర్ వాటిని ఖర్డాకు పోనివ్వలేదు. అదను నాడు రాని జీతగాడు మనకెందుకని నిజాం వాటిని పంపించేశాడు. రేమండ్ దళాన్ని ఇంకా పెంచుకొమ్మన్నాడు. అదే సంవత్సరం జూన్‌లో నిజాం పెద్దకొడుకు అలీ జా తిరగబడి బీదరు వైపు వెళ్ళాడు. అతన్ని వెంటాడింది రేమండే. ఔరంగాబాదు దగ్గర అలీ జా లొంగిపోయాడు. హైదరాబాదుకు తీసుకువస్తుండగా అవమానం భరించలేక దారిలో విషం తాగి చనిపోయాడు. గద్దె నిలిచింది గాని తండ్రికి కొడుకు దక్కలేదు. రేమండ్ గెలుపుల్లో ఇది అన్నింటికన్నా విచారకరమైనది.

ఇక ఇంగ్లీషువాళ్ళ కళ్ళు అతని మీద పడ్డాయి. 1789లో ఫ్రాన్సులో విప్లవం వచ్చింది, రాజు పోయాడు. 1793 నుంచి ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ యుద్ధం. పాండిచ్చేరి ఆ ఏడే ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కింది. అలాంటి సమయంలో హైదరాబాదు నడిబొడ్డున వేలమంది సిపాయిలు, పైన మూడు రంగుల ఫ్రెంచి జెండా, చొక్కా బొత్తాల మీద విప్లవకారుల టోపీ గుర్తు. రెసిడెంట్లు కలకత్తాకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. రేమండ్ రహస్యంగా టిప్పుతో మాట్లాడుతున్నాడని వాళ్ళ అనుమానం. అప్పటి రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్. తర్వాత కోఠీలో లేచిన రెసిడెన్సీ భవనం ఆయన కట్టించిందే. మన ఊళ్ళో గన్‌ఫౌండ్రీకీ కోఠీకీ మధ్య ఉన్న దూరం కొద్ది నిమిషాల నడక. ఆనాడు మాత్రం ఆ రెండు పేర్ల మధ్య దక్కను భవిష్యత్తు అంతా ఊగింది.

ఆ తగవు తేలకముందే 1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. నలభై మూడేళ్ళు కూడా నిండలేదు. విషప్రయోగమని కొందరన్నారు, రుజువు మాత్రం లేదు. అతని తర్వాత దళం పిరాన్ అనే ఫ్రెంచి అధికారి చేతికి వచ్చింది. పిరాన్‌కు హోదా వచ్చింది, ఫిరంగులు వచ్చాయి, పద్నాలుగు వేల మందీ వచ్చారు. మూసా రాముడనే పేరు మాత్రం రాలేదు.

మే నెలలో వెల్లస్లీ కలకత్తాలో గవర్నర్ జనరల్‌గా దిగాడు. వచ్చీరాగానే పెట్టుకున్న పనుల్లో ఫ్రెంచి దళాన్ని తీసివేయించడం ఒకటి. 1798 సెప్టెంబరు 1న నిజాంతో ఒడంబడిక జరిగింది. ఆరు కంపెనీ పటాలాలు హైదరాబాదులో ఉంటాయి, వాటికి నిజాం ఏడాదికి 24,17,100 రూపాయలు ఇవ్వాలి, ఫ్రెంచి దళాన్ని రద్దు చెయ్యాలి. గుంటూరు వైపు నుంచి కర్నల్ రాబర్ట్స్ సైన్యంతో అక్టోబరు 10న నగరం చేరాడు. అప్పటికీ నిజాం వెనకాడుతూనే ఉన్నాడు. వేలమంది ఆయుధాలున్న మనుషులను ఇంటికి పొమ్మంటే రక్తం ప్రవహిస్తుందని భయం.

రక్తం ప్రవహించలేదు. ఎందుకో వింటే నాకు ఒళ్ళు జలదరించింది. అక్టోబరు 21న నిజాం ఆజ్ఞ వినిపించడానికి మాల్కం అనే యువ అధికారి ఫ్రెంచి శిబిరానికి వెళ్ళేసరికి అక్కడ సిపాయిలు అప్పటికే తమ ఫ్రెంచి అధికారుల మీదే తిరగబడి ఉన్నారు. కారణం, జీతాల బాకీ! పిరాన్‌నే పట్టి నిర్బంధించారు. ఆ గోలలో మాల్కంను కూడా చుట్టుముట్టారు. ఒకప్పుడు అతని పటాలంలో పనిచేసి ఇటు వచ్చేసిన సిపాయిలు కొందరు గుర్తుపట్టి కాపాడారు. మరునాడు, 22న, ఇంగ్లీషు సైన్యం శిబిరాన్ని చుట్టింది. బాకీ జీతం ఇప్పిస్తాం, ఆయుధాలు దించండి అన్న కబురు లోపలికి వెళ్ళింది. కొద్ది గంటల్లో సుమారు పదకొండు వేల మంది తుపాకులు కింద పెట్టారు. ఒక్క గుండు పేలలేదు. ఖర్డాలో లక్షమంది మరాఠాల ఎదుట చెదరని వరసలు మూడున్నరేళ్ళ తేడాలో ఇలా కరిగిపోయాయి.

ఇప్పుడు మొదట దాటేసిన మాట చెబుతాను. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక జీతగాడు ఉండేవాడు. మా పొలంలో ఏ మడికి ఎటునుంచి నీళ్ళు పారాలో మా నాయనకన్నా అతనికే బాగా తెలుసు. ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. పత్తి చేతికి రాలేదు. ఆర్నెల్ల జీతం బాకీ పడ్డాం. అతడు ఒక్క మాట అనలేదు, పోట్లాడలేదు. ఉగాది నాడు కర్ర తీసుకుని, ఎడ్ల మెడ నిమిరి, వేరే ఇంటికి వెళ్ళిపోయాడు. మా నాయన ఆ రాత్రి అన్నం తినలేదు. అతనిది తప్పా అంటే ఎలా అంటాం, ఇంటిదగ్గర అతని పిల్లలూ ఆకలిగొన్నవాళ్ళే కదా. 1798 అక్టోబరు 22న తుపాకి కింద పెట్టిన సిపాయిని చరిత్ర పుస్తకాలు పిరికివాడనో ద్రోహి అనో లెక్కగట్టవచ్చు. నాకు మాత్రం మా జీతగాడు కళ్ళముందు మెదిలాడు. అదే సిపాయిలలో చాలామంది ఆ తర్వాత ఇంగ్లీషు అధికారుల కింద శ్రీరంగపట్నం దాకా నడిచారు. 1799 మే 4న ఆ కోట పడింది, టిప్పు మరణించాడు. రేమండ్ నేర్పిన కవాతు చివరికి కంపెనీకి ఉపయోగపడింది!

లెక్క అంతటితో ముగియలేదు. 1800లో నిజాంకు కొత్త ఒడంబడిక తప్పలేదు. ఇంగ్లీషు పటాలాల ఖర్చు కింద, మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన నేలనంతా కంపెనీకి వదులుకున్నాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు – అవే దత్తమండలాలు, చాలావరకు నేటి రాయలసీమ. బుస్సీ పటాలాలకు కోస్తా, రేమండ్ పటాలాలకు తెలంగాణ, కంపెనీ పటాలాలకు రాయలసీమ. యాభై ఏళ్ళలో తెలుగు నేల మూడు ముక్కలూ ఎవరో ఒకరి సైన్యం జీతం కింద జమ అయ్యాయి. రాజులు సంతకాలు పెట్టారు, దొరలు కవాతు చేయించారు, సిపాయిలు బాకీ అడిగారు. శిస్తు కట్టిన రైతు పేరు మాత్రం ఏ ఒడంబడికలోనూ కనబడదు. పాఠ్యపుస్తకంలో యుద్ధాల తేదీలు బట్టీపట్టేటప్పుడు ఈ సంగతి మనకు తట్టదు.

అలాగని రేమండ్‌ను కేవలం కిరాయి సైనికుడని తీసిపారెయ్యడం న్యాయం కాదు. అతడు బతికినన్నాళ్ళు ఆ సైన్యం అతని మాట మీద నిలిచింది. పరాయి దేశస్థుడై ఉండి ఖర్డాలో నిజాంను విడిచి పారిపోలేదు. అతని ఔదార్యం గురించి జనం తరతరాలు చెప్పుకున్నారు. లేకపోతే చచ్చినవాడి మీద అంత ప్రేమ ఎందుకుంటుంది? మలక్‌పేట పక్కన, అస్మాన్‌గఢ్ గుట్టమీద అతని సమాధి ఉంది. విశాలమైన వేదిక, దాని మీద సుమారు 23 అడుగుల ఎత్తున్న నల్లరాతి స్తంభం, రాతిమీద జె. ఆర్. అనే రెండు అక్షరాలు. పక్కనే గ్రీకు పద్ధతి స్తంభాల మండపం. అది 2001 వానలకు కూలిపోతే తర్వాత మళ్ళీ కట్టారు. ఇరవయ్యో శతాబ్దం సగం దాకా ఏటా మార్చి 25న అక్కడ ఉర్సులా జరిగేది. నిజాం సిపాయిలు వచ్చి ఊదు వేసి, దీపాలు పెట్టి వెళ్ళేవారు. చర్చి మతంలో పుట్టినవాడికి ముసల్మానుల ఉర్సు, హిందువుల రాముడి పేరు! ఆ చుట్టుపక్కల పేట పేరే మూసారాంబాగ్ అయింది.

మా జిల్లా నుంచి వచ్చే బస్సు దిల్‌సుఖ్‌నగర్ దాటి మూసారాంబాగ్ మీదుగానే నగరంలోకి వస్తుంది. రెండేళ్ళు ఆ దారిన తిరిగాను. మెట్రో స్టేషను బోర్డు మీద ఆ పేరు చూసి ఎవరో భక్తుడి పేరనుకున్నాను. ఇటు దిగితే గన్‌ఫౌండ్రీ, అటు ఎక్కితే మూసారాంబాగ్. ఒకటి అతని కార్ఖానా, రెండోది అతని సమాధి. ఒక మనిషి జీవితం ఆ చివర నుంచి ఈ చివర దాకా పరుచుకుని ఉంటే, దాని మీదుగా రోజూ పాస్ చూపించి తిరుగుతున్నాం.

మిత్రులారా, మార్చి 25 వచ్చేసరికి మనమంతా పరీక్షల గొడవలో ఉంటాం, తెలుసు. అయినా ఒక ఆదివారం సాయంత్రం వీలు చేసుకుని ఆ గుట్ట ఎక్కండి. రాతి స్తంభం పక్కన నిలబడి చూస్తే నగరం అంతా కనిపిస్తుంది. ఫిరంగులు పోసినవాణ్ణి తలుచుకోండి, తప్పులేదు. వాటికి రాగి కొనిపెట్టిన రైతును కూడా ఒక్కసారి తలుచుకోండి. ఆయనకు ఏ గుట్టమీదా స్తంభం లేదు.